తెలుగు డేటా పని ఇచ్చే ఆన్‌లైన్ సైట్: 16 నెలలు చేశాక నా రివ్యూ, 5కి 2

ముందే చెప్పేస్తున్నాను, ఏఐకి తెలుగు నేర్పడానికి మాటలు విని రాసే పని ఇచ్చే ఈ సైట్‌కి నేను ఇచ్చేది 5కి 2. చేసిన పనికి డబ్బు ఎగ్గొట్టలేదు కాబట్టి ఒకటి, పని నిజంగా మంచి పని కాబట్టి ఇంకొకటి. మిగిలిన మూడు ఎందుకు ఇవ్వలేదో చెప్పాలంటే కాస్త వివరంగా రాయాలి. నేను చేరే ముందు ఇలాంటి సైట్ల గురించి తెలుగులో ఎంత వెతికినా రెండు రకాల మాటలే దొరికాయి. ఒకటి "ఇంట్లో కూర్చుని నెలకి 40 వేలు" అనే వీడియోలు, రెండోది "అంతా మోసం, పోకండి" అనే ఒక్క ముక్క. రెండూ నిజం కాదు. నిజం ఏమిటో ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే నేను చేరకుండా ఉండేదాన్ని కాదు, కానీ చేరిన విధానం వేరేగా ఉండేది.

సైట్ పేరు రాయడం లేదు. చేరేటప్పుడు ఒప్పుకున్న షరతుల్లో ప్రాజెక్టుల గురించి బయట మాట్లాడకూడదని ఉంది. అకౌంట్ ఆపేశాక కూడా అది వర్తిస్తుందా అని అడుగుదామంటే అడగడానికి అక్కడ మనిషి లేడు. అయినా ఇలాంటి సైట్లు చాలానే ఉన్నాయి, నాతో పరిచయమైనవాళ్లు ఒక్కొక్కరు రెండు మూడిట్లో చేశారు, వాళ్లు చెప్పేదీ దాదాపు ఇదే.

మాది తెనాలి. తెలుగు పండిట్ ట్రైనింగ్ చేసి ఒక ప్రైవేట్ స్కూల్లో 11 ఏళ్లు తెలుగు చెప్పాను. కరోనాలో జీతం సగమైంది, ఆ తర్వాత తెలుగుకి వేరే టీచర్ అక్కర్లేదు, సోషల్ చెప్పే మేడమే రెండూ చెప్తారన్నారు. మూడేళ్లు ట్యూషన్లు చెప్పుకున్నాను. 2024 జూన్‌లో పాత స్టూడెంట్ ఒకమ్మాయి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటుంది, "టీచర్, మీలాంటివాళ్లకే సరిపోయే పని" అని లింక్ పంపింది. అలా మొదలైంది.

పని ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్తాను. మీరు ఫోన్‌తో తెలుగులో మాట్లాడితే అది అక్షరాలుగా మారుతుంది కదా, ఆ యంత్రానికి తెలుగు నేర్పడానికి వేల గంటల మాటలు రికార్డు చేసి, ప్రతి మాటనీ ఎవరో ఒకరు విని రాయాలి. ఆ రాసేవాళ్లలో నేనొకదాన్ని. ఆరేడు నెలల తర్వాత ఇంకో రకం పని కూడా వచ్చింది, ఒకే ప్రశ్నకి ఏఐ ఇచ్చిన రెండు జవాబులు చూపిస్తారు, ఏది బాగుందో, ఎందుకు బాగుందో రాయాలి. చేరడానికి ఒక టెస్ట్ ఉంటుంది, ఇంగ్లిష్‌లో ఉన్న 46 పేజీల గైడ్‌లైన్స్ చదివి రాయాలి, దానికి డబ్బు ఇవ్వరు. నాకు మూడు రోజులు పట్టింది. రెండోసారికి పాసయ్యాను.

పని మాత్రం, నిజం చెప్తున్నా, నేను స్కూల్లో చేసినదానికంటే ఎక్కువ ఇష్టపడి చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే శ్రీకాకుళం ముసలమ్మ చేపల కూర గురించి చెప్తుంది, ఆ తర్వాత అనంతపురం కుర్రాడు బోరు ఎండిపోయిన సంగతి చెప్తాడు, ఆ తర్వాత కరీంనగర్ నుంచి ఒకాయన తన చిన్నప్పటి బతుకమ్మ గురించి చెప్తాడు. మనం ఎప్పుడూ కలవని మనుషులు. 11 ఏళ్లు "గ్రాంథికం, వ్యావహారికం" అని బోర్డు మీద రాసి చెప్పినదాన్ని, మన భాష ఇన్ని రకాలుగా ఉందని చెవులతో విన్నది ఇక్కడే. "వస్తాండాడు" అన్నది ఎక్కడివాళ్లో, "వస్తుండు" అన్నది ఎక్కడివాళ్లో వినగానే చెప్పేదాకా వచ్చాను. ఏఐ జవాబుల పనిలో ఒకసారి హెడ్‌మాస్టర్‌కి సెలవు చీటీ రాయమంటే ఆ యంత్రం "నువ్వు నాకు రెండు రోజులు సెలవు ఇవ్వు" అని రాసింది. ఇది ఎందుకు తప్పో, మన దగ్గర పెద్దవాళ్లతో ఎలా మాట్లాడతారో కూర్చుని వివరంగా రాశాను. ఎక్కడో అది ఉపయోగపడి ఉంటుందని ఇప్పటికీ నమ్ముతున్నాను. అందుకే ఆ ఒక్క స్టార్ మనస్ఫూర్తిగా ఇస్తున్నాను.

ఇక డబ్బు. ఇక్కడ లెక్క అర్థం చేసుకోకుండా చాలామంది దిగుతున్నారు. వాళ్లు ఇచ్చేది మన పని గంటకి కాదు, ఆడియో నిమిషానికి. డాలర్లలో ఇచ్చినదాన్ని రూపాయల్లోకి మారిస్తే నాకు నిమిషానికి 18 రూపాయల దాకా వచ్చేది. గంటకి 1,080 రూపాయలు అనగానే మా ఆయన ఎగిరి గంతేశారు. కానీ ఒక గంట ఆడియో విని, రాసి, ఎవరు ఎప్పుడు మాట్లాడారో టైమ్ గుర్తులు పెట్టి, మళ్లీ ఒకసారి సరిచూసుకోవడానికి నాకు ఆరు నుంచి ఏడు గంటలు పట్టేది. బస్సులో రికార్డు చేసినవైతే ఇంకా ఎక్కువ. అంటే పని గంటకి 165 రూపాయల దగ్గర. కరెంటు మనది, ఇంటర్నెట్ మనది, లాప్‌టాప్ మనది, మెడనొప్పి మనది. అయినా తెనాలిలో ఇంట్లో ఉండి చేసే పనికి అది తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. డబ్బు ఆన్‌లైన్ వాలెట్‌లోకి వచ్చి అక్కడినుంచి బ్యాంకుకి వస్తుంది, మారకం రేటులో కొంత పోతుంది. 16 నెలల్లో రెండుసార్లు పది పదిహేను రోజులు ఆలస్యమైంది తప్ప రాకుండా పోలేదు.

సమస్య రేటు కాదు. రేపు పని ఉంటుందో లేదో తెలియకపోవడం.

ఈ పని చేసేవాళ్ల మధ్య "క్యూ" అనే మాట ఉంది. లాగిన్ అయితే మన కోసం ఎన్ని క్లిప్పులు, అంటే ఆడియో ముక్కలు, ఉన్నాయో చూపించేది క్యూ. పొద్దున్నే ఐదింటికి లేచి, పాలు స్టవ్ మీద పెట్టి, లాప్‌టాప్ తెరిచి క్యూ చూడడం నాకు అలవాటైపోయింది. 300 అని ఉంటే ఆ రోజు మనసు తేలికగా ఉండేది. సున్నా ఉంటే రోజంతా గంటకోసారి చూస్తూ ఉండేదాన్ని, అన్నం తింటూ చూసేదాన్ని, రాత్రి ఒంటిగంటకి మెలకువ వస్తే చూసేదాన్ని. ఒక నెల 23 వేలు వచ్చాయి. దాని తర్వాత నెల 9 వేలు. ఆ తర్వాత నెల మొత్తం కలిపి 1,400. మళ్లీ 19 వేలు. ఇందులో నేను బాగా చేసిన నెల, బాగా చేయని నెల అనేదే లేదు, అన్ని నెలలూ ఒకేలా చేశాను. క్యూ ఖాళీ అయితే ఎందుకు ఖాళీ అయింది, ఎప్పుడు వస్తుంది అని ఎవరూ చెప్పరు. "కొత్త పనులు త్వరలో వస్తాయి, తరచూ చూస్తూ ఉండండి" అని ఒక వాక్యం కనపడుతుంది, అంతే. మనం కూర్చుని ఎదురుచూసిన గంటలకి లెక్క ఎక్కడా ఉండదు.

23 వేలు వచ్చిన నెలలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, మీరు చేయకూడదని. మా వీధిలో పాడే లక్ష రూపాయల చీటీలో చేరాను, నెలకి 5 వేలు, 20 నెలలు. మూడో నెలకే క్యూ ఖాళీ. చీటీ కట్టడానికి ట్యూషన్ డబ్బులు పెట్టాను, అవి సరిపోక చెవి దుద్దులు తాకట్టు పెట్టాను. అదే సమయంలో బాబు ఇంటర్ ఫీజుకని బ్యాంకులో పర్సనల్ లోన్ అడిగితే మూడు నెలల జీతం స్లిప్పులు తెమ్మన్నారు. నా దగ్గర ఉన్నది వాలెట్ నుంచి వచ్చిన జమలు చూపించే స్టేట్‌మెంట్ ఒక్కటే. ఆ ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడారు, "మేడమ్, మీకు కంపెనీ ఏది?" అని అడిగారు. సైట్ పేరు చెప్పాను. "అది మిమ్మల్ని ఉద్యోగి అంటుందా?" అన్నారు. అనదు. షరతుల్లో మొదటి పేజీలోనే "మీరు స్వతంత్ర కాంట్రాక్టర్" అని ఉంది. చివరికి డ్వాక్రా గ్రూపులో తీసుకున్నాం.

ఎందుకిలా ఆగి ఆగి వస్తుందో నాకు ఏడాది చేశాక అర్థమైంది. సైట్ నడిపేవాళ్ల దగ్గర సొంత పని ఏమీ ఉండదు. పెద్ద టెక్ కంపెనీ ఏదో "తెలుగులో ఇన్ని వందల గంటలు కావాలి" అని ఆర్డర్ ఇస్తుంది. ఆ గంటలు నిండేదాకా క్యూ నిండుగా ఉంటుంది. త్వరగా పూర్తవ్వాలని కొత్తవాళ్లని పదుల సంఖ్యలో చేర్చుకుంటారు, ఎంత ఎక్కువమంది చేరితే అంత త్వరగా అయిపోతుంది, అయిపోయిన రోజున అందరికీ ఒకేసారి సున్నా. మనం ఎంత బాగా, ఎంత వేగంగా చేస్తే మన పని అంత తొందరగా ముగిసిపోతుందన్నమాట. ఇంగ్లిష్‌కైతే ఒకటి పోయినా ఇంకొకటి వస్తూ ఉంటుందని అది చేసేవాళ్లు చెప్తారు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8 కోట్లకి పైనే, అయినా ఆ ఆర్డర్లు ఇచ్చేవాళ్లకి మనది చిన్న భాషే.

ఇంకోటి ఉంది, ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. 2025 వేసవిలో పని తీరు మార్చారు. అప్పటిదాకా ఖాళీ పేజీలో మనం విని రాసేవాళ్లం. అప్పటినుంచి యంత్రం ముందే ఒక డ్రాఫ్ట్ రాసి ఇస్తుంది, మనం తప్పులు దిద్దాలి. రేటు 18 నుంచి 7కి తగ్గించారు. దిద్దడం తేలిక కదా అని వాళ్ల లెక్క. స్పష్టంగా మాట్లాడిన క్లిప్పులకి అది నిజమే. మాండలికం వచ్చిందంటే ఆ డ్రాఫ్ట్ మొత్తం కొట్టేసి మొదటినుంచి రాయడం మేలు. నాకు గంట ఆడియోకి నాలుగు గంటలు పట్టేది, అంటే 420 రూపాయలు, పని గంటకి 105. ఆ డ్రాఫ్ట్‌లో నా అలవాట్లు నాకే కనిపించేవి. నేనూ, నాలా ఈ పని చేసే కొందరం ఏడాదిపాటు చర్చించి స్థిరపరుచుకున్న రాత పద్ధతులు, ఎక్కడ సున్నా పెట్టాలి, ఇంగ్లిష్ మాటని తెలుగులో ఎలా రాయాలి అనేవి, అది చక్కగా నేర్చుకుంది. నేర్పినవాళ్ల రేటు తగ్గించడానికి అదే కారణమైంది.

అకౌంట్ ఎలా పోయిందో ఇప్పుడు చెప్తాను. మనకి ఇచ్చే క్లిప్పుల మధ్యలో వాళ్లకి ముందే జవాబు తెలిసిన పరీక్ష క్లిప్పులు కలిపి ఇస్తారు, ఏది పరీక్షో మనకి తెలియదు. మన జవాబు వాళ్ల కీతో సరిపోకపోతే మార్కులు తగ్గుతాయి. 90 శాతం కంటే తగ్గకూడదు. నాది ఎప్పుడూ 95, 96 ఉండేది. గైడ్‌లైన్స్‌లో "మనిషి ఎలా పలికితే అలాగే రాయాలి" అని స్పష్టంగా ఉంది. ఒక ఉత్తరాంధ్ర ఆవిడ "ఎల్లిపోనాది" అంది. నేను "ఎల్లిపోనాది" అనే రాశాను. కీలో "వెళ్లిపోయింది" అని ఉంది, తప్పు అని వచ్చింది. ఆ వారంలోనే ఒక తెలంగాణ క్లిప్‌లో "చెప్పిండు" అని రాస్తే కీలో "చెప్పాడు". ఆ కీ తయారుచేసినవాళ్లు పుస్తకాల తెలుగు మాత్రమే తెలుగు అనుకున్నారేమో. అప్పీల్ చేసే బటన్ ఉంది, నొక్కాను, గైడ్‌లైన్స్‌లో ఏ పేజీలో ఏముందో చూపిస్తూ రాశాను. ఒక నంబరు వచ్చింది, జవాబు రాలేదు. అలాంటివి పదకొండు క్లిప్పులు. 2025 అక్టోబరులో ఒక బుధవారం పొద్దున లాగిన్ అయితే, మీ అకౌంట్ నాణ్యత ప్రమాణాలకి సరిపోనందువల్ల నిలిపివేశాం, ఈ నిర్ణయం అంతిమం అన్న అర్థంలో రెండు లైన్లు.

ఆ రోజు నేను ఏడ్చాను, దాచుకోను. స్కూల్లో తీసేసినప్పుడు ఇంత ఏడవలేదు. అక్కడ ప్రిన్సిపాల్ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు, కారణం నచ్చకపోయినా కారణం చెప్పారు, నేను రెండు మాటలు అన్నాను, ఆయన తల వంచుకుని విన్నారు. ఇక్కడ 16 నెలలు చేసి, నేను ఎవరితో చేశానో తెలియదు, నన్ను తీసేసింది మనిషో ప్రోగ్రామో కూడా తెలియదు. సపోర్ట్‌కి నాలుగు మెయిల్స్ పెట్టాను. నాలుగింటికీ ఒకటే జవాబు, నంబరు ఒక్కటే మారింది. నాకు రావాల్సిన చివరి 6,300 రూపాయలు ఏడు వారాల తర్వాత వచ్చాయి, ఏ వివరమూ లేకుండా. వచ్చాయి కాబట్టే ఆ ఇంకో స్టార్.

నా ఒక్కదానికే జరిగిందనుకుని తల దించుకున్నాను మొదట్లో. తర్వాత చదువుతూ పోతే ఇది ఈ రంగం నడిచే తీరే అని అర్థమైంది. 2024 మార్చిలో ఇలాంటి పనే ఇచ్చే రిమోటాస్క్స్ అనే సైట్ కెన్యా, నైజీరియా, పాకిస్తాన్‌లలో పని ఆపేసింది, అక్కడ దాని మీదే ఆధారపడ్డవాళ్లకి తెలిసింది ఒక ఈమెయిల్‌తో. అదే ఏడాది జనవరిలో ఆస్ట్రేలియాకి చెందిన ఆపెన్ అనే పెద్ద డేటా కంపెనీతో గూగుల్ తన కాంట్రాక్టు ముగించుకుంది, అంటే అంత పెద్ద కంపెనీకే రేపటి మీద హామీ లేదు, దాని కింద క్లిప్పుల లెక్కన చేసేవాళ్లకి ఎక్కడినుంచి వస్తుంది. 2025 సెప్టెంబరులో ఎలాన్ మస్క్ ఎక్స్‌ఏఐ సంస్థ ఏఐకి నేర్పే డేటా పనిచేసేవాళ్లలో దాదాపు 500 మందిని ఒక్కసారిగా తీసేసింది. ఇవి చదివాక నాకు ధైర్యం వచ్చిందని చెప్పను, కానీ సిగ్గుపడడం మానేశాను.

మా తమ్ముడు హైదరాబాద్ మాదాపూర్‌లో ఫుడ్ డెలివరీ చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. వాడికీ ఐడీ బ్లాక్ చేస్తారనే టెన్షన్ ఉంది, కస్టమర్ ఒక్క స్టార్ ఇచ్చినా రెండు రోజులు సరిగా తినడు. కానీ వాడు ఒక మాట అన్నాడు, "అక్కా, నాకు ఏదన్నా అయితే హోటల్ ముందర నిలబడ్డ పదిమంది ఉన్నారు. నీకు ఎవరున్నారు?" 2025 డిసెంబరు 25న, 31న దేశమంతా డెలివరీ వాళ్లు సమ్మెకి పిలుపు ఇచ్చినప్పుడు వాడు 31న యాప్ ఆఫ్ చేశాడు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఆ పిలుపులో ముందుంది. ఆ తర్వాత జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలతో మాట్లాడడం, సరుకులు ఇంటికి తెచ్చిచ్చే బ్లింకిట్ యాప్ తన ప్రకటనల్లోంచి 10 నిమిషాల్లో డెలివరీ అనే మాట తీసేయడం జరిగింది. చిన్నదే అనుకోండి, కానీ రోడ్డు మీద కనిపించేవాళ్లు కాబట్టి, ఎరుపు టీషర్టో పసుపు టీషర్టో వేసుకుని అందరి గుమ్మాల్లోకి వెళ్లేవాళ్లు కాబట్టి వాళ్ల మాట అక్కడిదాకా వెళ్లింది. మేము ఎవరికీ కనపడం. నాతో పాటు తెలుగు ప్రాజెక్టులో ఎంతమంది చేశారో నాకు ఈనాటికీ తెలియదు. మేము 23 మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో కలిశాం, అది కూడా ఆ పాత స్టూడెంట్ ఒక్కొక్కరినీ వెతికి కలిపితే. అందులో నంద్యాల నుంచి ఒక గృహిణి ఉంది, ఖమ్మం నుంచి చూపు సరిగా లేని ఒక డిగ్రీ కుర్రాడు ఉన్నాడు, వినే పని కాబట్టి అతనికి ఇది దేవుడిచ్చిన వరంలా ఉండేది. అతని అకౌంట్ నాకంటే రెండు నెలల ముందే పోయింది. మా అందరిలోకీ మాటల్ని బాగా పట్టేవాడు అతనే.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకున్నాను, ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్, ప్లాట్‌ఫామ్ వర్కర్ అనే మాటలకి, అంటే ఉద్యోగి అనిపించుకోకుండా యాప్‌లు, సైట్ల ద్వారా పని చేసుకునే మాలాంటివాళ్లకి, మొదటిసారి నిర్వచనం ఇచ్చారు. అది అమల్లోకి వచ్చింది మాత్రం 2025 నవంబరు 21న. దాని ప్రకారం కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలి, అది కార్మికులకి ఇచ్చే మొత్తంలో 5 శాతం దాటదు. 2025 డిసెంబరు చివర్లో వచ్చిన ముసాయిదా నియమాల్లో ఒకే కంపెనీతో అయితే ఏడాదిలో 90 రోజులు, ఎక్కువ కంపెనీలతో అయితే 120 రోజులు పనిచేసి ఉండాలని పెట్టారు. డెలివరీ, క్యాబ్‌లతో పాటు వృత్తి సేవలు, కంటెంట్ సేవలు కూడా ఆ కోడ్ జాబితాలో ఉన్నాయి. మంచిదే. కానీ బీమా, పెన్షన్ లాంటివాటి గురించి మాట్లాడే ఆ కోడ్, అకౌంట్ ఎందుకు ఆపారో చెప్పాలని అనదు. ఆ విషయంలో కర్ణాటక 2025లో చేసిన చట్టం నాకు నచ్చింది, రాతపూర్వకంగా కారణం చెప్పి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా తీసేయకూడదని అందులో ఉంది. నాకు ఆ 14 రోజులు ఉంటే చాలు, "ఎల్లిపోనాది" ఎందుకు తప్పు కాదో చెప్పుకునేదాన్ని. తెలంగాణ ప్రభుత్వం కూడా 2025 ఏప్రిల్‌లో గిగ్ వర్కర్ల బిల్లు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగింది. మా ఆంధ్రలో కూడా ఇలాంటిది రావాలని, వచ్చినప్పుడు బైక్ మీద తిరిగేవాళ్లతో పాటు ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేవాళ్లని కూడా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. నీతి ఆయోగ్ 2022 నివేదికలో ఈ రకం కార్మికులు 2020-21లో 77 లక్షల మంది అని, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారని రాశారు. ఇంతమందిని "స్వతంత్ర కాంట్రాక్టర్" అని ఒక్క మాటతో పక్కన పెట్టలేం.

ఇదే పనిని ఇంకోలా చేయవచ్చా అంటే చేయవచ్చు. బెంగళూరులో కార్య అనే సంస్థ ఉంది, పల్లెల్లోవాళ్లతో మన భాషల్లో ఇలాంటి డేటా పనే చేయిస్తుంది. గంటకి కనీసం 5 డాలర్లు ఇస్తామని చెప్పింది. ఒక్కొక్కరికి మొత్తం మీద 1,500 డాలర్ల దాకానే అవకాశం ఇస్తామని, ఆ తర్వాత ఇంకొకరికి ఇస్తామని కూడా చెప్పింది. అంటే ఇది ఉద్యోగం కాదు, కొంతకాలం చేతికి అందే అదనపు డబ్బు అని తలుపు దగ్గరే చెప్తున్నారు. నేను పనిచేసింది వాళ్లతో కాదు, కాబట్టి లోపల ఎలా ఉంటుందో నేను చెప్పలేను. కానీ ఆ ఒక్క మాట ముందే చెప్పడం ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. నాకు చెప్పి ఉంటే చీటీలో చేరేదాన్ని కాదు. ఈ సైట్ ప్రకటనలో ఏముందంటే, "మీ సమయం మీది, మీకు కావాల్సినంత పని". నా సమయం నాది కాలేదు, క్యూది అయింది. కావాల్సినంత పని ఏ నెలలోనూ నా చేతిలో లేదు.

సరే, చేరాలా వద్దా అని అడిగేవాళ్లకి. చేతిలో వేరే సంపాదన ఉండి, ఇది పైకి వచ్చే డబ్బు అనుకునేవాళ్లు చేరండి, భాష మీద ప్రేమ ఉంటే ఇంకా బాగుంటుంది. ఇల్లు దీని మీద నడపాలనుకుంటే వద్దు, ఈ డబ్బు నమ్ముకుని చీటీ, ఈఎంఐ ఏదీ పెట్టుకోవద్దు. ఆడియో నిమిషానికి ఎంత అని కాకుండా, మొదటి వారం గడియారం పెట్టుకుని మీ పని గంటకి ఎంత పడుతుందో మీరే లెక్క వేసుకోండి. చేసిన ప్రతి క్లిప్ సంఖ్య, తేదీ, వచ్చిన మార్కులు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, అకౌంట్ ఆగిన రోజు అవేవీ చూసుకోనివ్వరు. నా దగ్గర ఆ నోట్‌బుక్ ఉండబట్టే చివరి 6,300 లెక్క సరిగ్గా ఉందని తెలిసింది. డబ్బు అడిగి చేర్చుకునే సైట్ ఏదైనా సరే దగ్గరికి వెళ్లకండి, నేను చెప్పే సైట్ ఎప్పుడూ ఒక్క రూపాయి కట్టమనలేదు, కట్టమనేవి వేరే రకం, అవి నిజంగా మోసం. విదేశీ డబ్బు వచ్చినా మన ఆదాయమే కాబట్టి రిటర్న్ ఫైల్ చేయండి, మా బ్యాంకు ఆఫీసర్ చివర్లో చెప్పింది అదే, రెండేళ్ల రిటర్నులు ఉంటే ఆయన కనీసం పైకి పంపగలిగేవారట. అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి, ఇవాళ దానితో ఏమొస్తుందో చూడకుండా, మనం ఉన్నామని ఎక్కడో ఒకచోట లెక్కలో ఉండాలి కదా. అన్నిటికంటే ముందు మీలాగే చేసేవాళ్లని ఇద్దరినైనా వెతుక్కోండి. మా 23 మంది గ్రూపు లేకపోతే కీలో తప్పు ఉందని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. "ఎల్లిపోనాది"కి నాలాగే ఇంకో ఆరుగురికి మార్కులు పోయాయి, అందులో ఒకమ్మాయిది పలాస.

ప్రస్తుతం నేను సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్తున్నాను, 14 మంది వస్తున్నారు. దుద్దులు ఇంకా విడిపించుకోలేదు. పోయిన సోమవారం ఇంకో సైట్ నుంచి మెయిల్ వచ్చింది, తెలుగు మాండలికాల మీద కొత్త ప్రాజెక్టు, టెస్ట్ మూడు గంటలు, డబ్బులు ఉండవు. వాళ్లకి ముందుగా మూడు ప్రశ్నలు రాసి పంపాను: మొత్తం ఎన్ని గంటల ఆర్డర్, మార్కులు తగ్గితే మాట్లాడే మనిషి ఉన్నారా, అకౌంట్ ఆపేముందు ఎన్ని రోజులు టైమ్ ఇస్తారు. గ్రూపులో మిగతావాళ్లు కూడా అవే మూడు ప్రశ్నలు తమ తమ పేర్లతో పంపారు. గురువారం జవాబు వచ్చింది, మొదటిదానికి మాత్రమే. 400 గంటలట. మిగతా రెండింటికీ జవాబు రాసేదాకా టెస్ట్ రాయొద్దని మేమంతా అనుకున్నాం, ఖమ్మం కుర్రాడు తప్ప. అతనికి ఇంట్లో అవసరం ఉంది, అతన్ని రాయమనే చెప్పాం.